నూట నలభై ఏడు ఊళ్ళ గుమ్మాలు

పోయినవాటిని ముందు లెక్క రాసుకుందాం. ఊళ్ళ పేర్లతో ఇంటర్నెట్‌లో పెట్టిన పేజీలు నూట నలభై ఏడు. వాటితోపాటు ఏ పాపమూ ఎరగని మా అసలు పేజీలు అయిదు. ఎవరైనా వెతికితే మొదటి పేజీలో మూడో వరుసలో కనిపించే చోటు ఒకటి. రోజుకి అరవైమంది దాకా వచ్చి చూసిపోయేవాళ్ళు, ఇద్దరికి దిగారు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండోదాన్నీ నేనే, నెట్ సెంటర్లో పక్క కంప్యూటర్ నుంచి. దసరాకి పైఊళ్ళ నుంచి సైటు ద్వారా రావలసిన ఆర్డర్లు అంతకుముందు ఏడాది పందొమ్మిది వస్తే ఆ ఏడాది సున్నా. కింద వాటా ఆపా నాతో మాట్లాడని రోజులు నాలుగు. అయిదో రోజున ఆవిడే వచ్చి ఉప్పు అడిగింది కాబట్టి నాలుగే రాస్తున్నాను. బొటనవేలంత గుడ్డముక్క ఒకటి ఉండేది, మాస్టారి దుకాణం పేరు ఎర్రదారంతో కుట్టినది. అది చాలాకాలం హుక్కుల డబ్బాలో పడి ఉంది గానీ పోలేదు. అందుకని ఈ లెక్కలోకి రాదు.

నేను పదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. ఆటోనగర్‌లో ఒక లారీ పార్సిల్ ఆఫీసులో బిల్లులు రాసే పని దొరికింది. ఎవరూ నేర్పకుండానే ఏ బరువుకి ఎంత, ఏ ఊరికి ఎంత అన్నది నోటికి వచ్చేసింది. కంప్యూటర్ కూడా అలాగే వచ్చింది. ఆఫీసులో ఒకటి కొని పెడితే దాని ముందు కూర్చోడానికి అందరూ వెనకాడారు. నాకు అందులో గళ్ళ కాగితం లాంటిది ఒకటి కనిపించింది, పై నుంచి కిందికి తనే కూడుతోంది. ఆ రోజు నుంచి దాన్ని వదిలిపెట్టలేదు.

మేం అద్దెకున్నది వన్‌టౌన్‌లో, బెజవాడ కొండ మీదికి మెట్లు ఎక్కే సందులో, పై వాటాలో. కింద వాటాలో మాస్టారు, ఆపా ఉండేవాళ్ళు. మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలర్ మాస్టారు. ఆపా ఆయన భార్య. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్దది, సందులో చిన్నాపెద్దా అందరికీ ఆపాయే, అంటే అక్కే. మాస్టారి తాతలు షేర్వాణీలు కుట్టేవాళ్ళట. ఈయన కుట్టేది కూచిపూడి నాట్యం దుస్తులు. వయసులో ఉండగా ఎవరో నాట్యం నేర్పే ఆవిడ చిరిగిపోయిన దుస్తు ఒకటి బాగుచెయ్యమని తెస్తే, దాన్ని మొత్తం విప్పి, ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో చూసి మళ్ళీ కుట్టారట. అప్పటి నుంచి అదే పని. ఇంత కుట్టిన మనిషి ఏ నాట్యమూ చివరిదాకా చూడలేదు. ఆడే అమ్మాయి మోకాళ్ళు వంచి సగం కూర్చున్నప్పుడు ముందున్న కుచ్చిళ్ళు విసనకర్రలా తెరుచుకుంటాయి కదా, అందాకా చూసేవారు. సరిగ్గా తెరుచుకుంటే లేచి వచ్చేసేవారు.

ఆయన చాలా ఏళ్ళు బెజవాడలోనే ఒక పెద్ద దుకాణానికి కుట్టి ఇచ్చారు. గజ్జెలు, జడలు, నగలు, నాట్యానికి కావలసినవన్నీ అమ్మే దుకాణం అది. మాస్టారు కుట్టిన దుస్తుల నడుంపట్టీ లోపల వాళ్ళు తమ పేరున్న గుడ్డముక్క కుట్టుకునేవాళ్ళు. ఒకసారి హుక్కు ఊడిందని కబురొస్తే మాస్టారు కూచిపూడి వెళ్ళారు. అక్కడ ఒక అమ్మాయి దుస్తు అంచు పట్టుకుని, "ఈ కుచ్చిళ్ళు ఎంత బాగా పడతాయోనండీ, ఎంతైనా ఆ దుకాణం వాళ్ళ పనితనం" అని ఈయనతోనే చెప్పింది. మాస్టారు హుక్కు కుట్టి బస్సెక్కి వచ్చేశారు. ఇంటికొచ్చి ఆపాకి చెబుతూ నవ్వారట. ఆపా నవ్వలేదు. ఎర్రదారం తీసుకుని ఒక గుడ్డముక్క మీద తాము పెట్టబోయే దుకాణం పేరు కుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ఇక నుంచి ఇది లేకుండా ఒక్క బట్ట గుమ్మం దాటకూడదు" అంది.

అలా పెద్ద దుకాణం పని మానేసి, ఇంటి ముందుగదిలోనే సొంత దుకాణం పెట్టారు. సొంత పేరుతో నిలబడగలరా, లేక మళ్ళీ ఆ దుకాణం గుమ్మం ఎక్కి వాళ్ళ పేరుతో కుట్టాలా, ఆ రోజుల్లో కింద వాటాలో ఉన్న ప్రశ్న అదొక్కటే. పై వాటాలో కూడా అదే.

రెండువేల సంవత్సరం దాటాక మన సందుల్లోకి కూడా నెట్ సెంటర్లు వచ్చేశాయి. మాస్టారికో వెబ్‌సైట్ పెడదామని నేనే అన్నాను. ముందు అయిదు పేజీలే. ఫోటోలకొకటి, రంగులకొకటి, ఆర్డర్ ఇవ్వడానికొకటి, చిరునామాకొకటి, కొలతలకొకటి. కొలతల పేజీ మాస్టారు చెబుతుంటే నేను రాశాను. నిలబడి తీసుకుంటే సరిపోదు, అరమండిలో, అంటే నాట్యంలోలా మోకాళ్ళు వంచి సగం కూర్చుని, అప్పుడు నడుము నుంచి మడమ దాకా టేపు పట్టాలి. టేపు పట్టేవాళ్ళు నవ్వించకూడదు, నవ్వితే అరంగుళం తేడా వస్తుంది. అదీ రాశాను. ఆ నవ్వు మాటకే కాబోలు పుణే నుంచి ఒకావిడ, బెంగుళూరు నుంచి ఇద్దరు ఉత్తరం రాసి మరీ ఆర్డర్లు ఇచ్చారు. మెల్లగా సెర్చ్ ఇంజన్‌లో మూడో వరుసకి వచ్చాం. మొదటి దసరాకి పందొమ్మిది దుస్తులు పైఊళ్ళకి వెళ్ళాయి, పందొమ్మిదింటి నడుంపట్టీల్లోనూ ఎర్రదారం పేరుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాకు అంకెలు కనిపిస్తే ఆగలేను. సైటుకి వచ్చేవాళ్ళు ఏ మాటలు కొట్టి వస్తున్నారో ఒక పట్టికలో కనిపించేది. చాలామంది నాట్యం దుస్తులు అని కొట్టి పక్కన తమ ఊరి పేరు కొడుతున్నారు. ఆ మాట ఆపాతో అన్నాను. ఆవిడ అప్పుడు చింతచిగురు దూస్తోంది.

"అయితే ఊరికో ఏజెంటుని పెట్టవే" అంది, తల ఎత్తకుండానే.

"ఇంటర్నెట్‌లో ఏజెంట్లేంటి ఆపా?"

"మా అబ్బాజాన్ కంకిపాడులో ఏజెంటు కాదూ? బెజవాడ బట్టల కొట్టుకి. చుట్టుపక్కల పదూళ్ళలో ఎవరింట్లో పెళ్ళైనా ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్ళు. అందరినీ బస్సెక్కించి కొట్టుకి తీసుకొచ్చేవాడు. కొట్టువాడు మా ఊరు ఎప్పుడైనా చూశాడా? చూళ్ళేదు. అయినా మా ఊరంతా ఆ కొట్లోనే కొనేది. ప్రతి ఊళ్ళో మనదంటూ ఒకటి ఉండాలి."

నాకు ఊళ్ళు ఎక్కడ దొరుకుతాయో తట్టింది. మా పార్సిల్ ఆఫీసు గోడ మీద లారీలు వెళ్ళే ఊళ్ళ పట్టిక ఉంది, నూట నలభై నాలుగు ఊళ్ళు. రోజూ చూసే పట్టికే. దాన్ని గళ్ళ కాగితంలోకి ఎక్కించాను. డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషులో మూడు వాక్యాలు తయారుచేశాను. ఊరి పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలాను. ఆ మూడు వాక్యాలూ తెలుగులో చెప్పాలంటే ఇవి: ఫలానా ఊళ్ళో కూచిపూడి దుస్తులకి పేరుపడ్డ చోటు ఇదే. ఫలానా ఊరివాళ్ళు ఎంతోమంది మమ్మల్ని నమ్ముతారు. ఫలానా ఊరి నుంచి ఆర్డర్ ఇవ్వడానికి ఇక్కడ నొక్కండి. నొక్కితే మా ఆర్డర్ పేజీకి వచ్చిపడతారు. ఖాళీల్లో ఊళ్ళ పేర్లు కంప్యూటరే నింపింది. ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో అన్ని ఊళ్ళకీ ఏజెంట్లు తయారు.

లారీలకి నాట్యంతో పనేముంది? మిరపకాయల యార్డు ఉన్న ఊరు, సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు, బొగ్గు తవ్వే ఊరు, అన్నీ పట్టికలో ఉన్నాయి. అన్నిటికీ పేజీలు పెట్టాను. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి జాబితా చూశారు.

"బొగ్గు గనుల్లో నాట్యం ఎవరు చేస్తారమ్మా?"

"చేస్తే మనమే కనబడతాం కదా మాస్టారూ."

"చేస్తే నల్లరంగు అంచు వేద్దాం, మాపు తెలీదు" అన్నారాయన.

ఆపా జాబితా అంతా చదివించుకుంది. "మా కంకిపాడేదే?" అంది. మా లారీలు పక్కనే ఉన్న కంకిపాడుకి పార్సిళ్ళు తీసుకోవు, అందుకని పట్టికలో లేదు. ఆవిడ కోసం చేర్చాను. వాళ్ళ అక్కనిచ్చిన ఊరని చల్లపల్లి చేర్పించింది. అదీ ఇదీ ఉన్నప్పుడు కూచిపూడి లేకపోతే ఎలా అని మాస్టారు అన్నారు. కూచిపూడిలో కూచిపూడి దుస్తులకి పేరుపడ్డ చోటు మాదే అని ఇంగ్లీషులో రాసేశాను. మొత్తం నూట నలభై ఏడు.

మూడు వారాలు తిరిగేసరికి వచ్చేవాళ్ళు రోజుకి ఇరవై నుంచి అరవై అయ్యారు. ఆపా సేమియా పాయసం చేసింది. నేను మాత్రం ఒక అంకె చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. ఊళ్ళ పేజీలకి వస్తున్న నలభైమందిలో ఆర్డర్ పేజీ దాకా వచ్చేది ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోతున్నారు. వచ్చినవాళ్ళ మొత్తం పెరుగుతుంటే ఆ వెనక్కి తిరిగినవాళ్ళ సంగతి ఎవరికి కావాలి?

అలా వెనక్కి తిరగని మనిషి ఒకావిడ వచ్చింది. భాద్రపదం ఎండ, చేతిలో గొడుగు, రెండో చేతిలో నెట్ సెంటర్లో అచ్చు తీయించిన కాగితం. చల్లపల్లిలో పిల్లలకి నాట్యం నేర్పే టీచరుగారు.

"చల్లపల్లిలో పేరుపడ్డ చోటు మీదేనాండీ?" అంది గుమ్మంలోనే నిలబడి.

మాస్టారు మిషను ఆపి, "చల్లపల్లిలోనా? నాదా?" అన్నారు.

"మరి ఇదేంటండీ? బస్టాండు దగ్గర అడిగాను. కోట దగ్గర అడిగాను. మా ఊరి టైలర్ల దగ్గరికెళ్ళి అడిగితే, మాకు తెలీకుండా మా ఊళ్ళో అంత పేరుపడ్డవాడు ఎవడండీ అని వాళ్ళు నా మీద పడ్డారు. పుట్టి పెరిగిన ఊళ్ళో దారి తప్పినదాన్నయ్యాను."

ఆపా టీ గ్లాసు అందించబోయింది. "టీ తర్వాత తాగుతానండీ. ముందు ఆ చల్లపల్లి ఎంతోమంది ఎవరో చెప్పండి. ఎంతోమంది నమ్ముతారని రాశారుగా, ఒక్కరి పేరు చెప్పండి చాలు."

మాస్టారు నా వైపు చూశారు. నేను ఆపా వైపు చూశాను. ఆపా, "మా అక్క ఉందండీ చల్లపల్లిలో" అంది.

"నాట్యం చేస్తుందాండీ?"

"లేదండీ, మోకాళ్ళ నొప్పులు."

టీచరుగారు ఒక్క క్షణం బిగబట్టుకుని, తర్వాత కుర్చీలో కూలబడి నవ్వేసింది. టీ తాగింది. మాస్టారు కుడుతున్న దుస్తు కుచ్చిళ్ళు వేళ్ళతో విప్పి చూసింది, మూసి చూసింది. ఇద్దరు శిష్యురాళ్ళకి కుట్టమని చెప్పింది. వెళ్ళేటప్పుడు గొడుగు నా వైపు ఊపుతూ, "ఆ పేజీ అన్నా తీసెయ్యమ్మా, లేదంటే మా ఊళ్ళో కొట్టన్నా పెట్టించు" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మోకాళ్ళ నొప్పుల మాట తల్చుకుని ముగ్గురం నవ్వుకున్నాం. పేజీ మాత్రం ఉంచేశాం, ఆ రోజు లెక్క అరవై మూడు మరి.

దసరా ముందు ఒకనాడు పొద్దున్నే నెట్ సెంటర్లో కూర్చుని రోజూ కొట్టే మాటలే కొట్టాను. మూడో వరుసలో ఇంకెవరో ఉన్నారు. రెండో పేజీ చూశాను, అయిదో పేజీ చూశాను. ఊళ్ళ పేర్లతో కొట్టాను. ఆఖరికి మా దుకాణం పేరే కొట్టాను. దుకాణం పేరు కొట్టినా దుకాణం రాలేదు. ఇంట్లో మనిషిని ఎదురుగా పిలుస్తుంటే పలక్కపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

సెర్చ్ ఇంజన్ వాళ్ళు సైటు పెట్టుకునేవాళ్ళ కోసం నియమాలు రాసి పెట్టారని అప్పుడు తెలిసింది. డిక్షనరీతో కూర్చుని చదివాను. మేం చేసినదానికి వాళ్ళ దగ్గర పేరు కూడా ఉంది, గుమ్మాల పేజీలని, ఇంగ్లీషులో డోర్‌వే పేజీలు. అంటే వెతికేవాళ్ళకి చూపించడానికే పుట్టించి, తనలో ఏమీ లేకుండా, వచ్చినవాళ్ళని ఇంకో పేజీకి నెట్టే పేజీలు. ఊరి పేరు మార్చి ఒకే మాట వందసార్లు రాయడం అందులో మొదటి రకమట. అలాంటివి కనబడితే ఆ పేజీలు తీసేస్తారు, ఒక్కోసారి మొత్తం సైటునే తీసేస్తారు. మధ్యలో ఒక పేజీ ఉండటం తప్పు కాదట. నాలుగు దుకాణాల సంగతి పోల్చి చెప్పి, ఆ తర్వాత దుకాణానికి దారి చూపించే పేజీ ఉండొచ్చు. ప్రకటన నొక్కి వచ్చినవాడికి కావలసిన వివరం అక్కడే చెప్పే పేజీ ఉండొచ్చు. మధ్యలో నిలబడి చేతిలో ఏమీ లేకపోవడమే తప్పు.

నాకు అది లెక్కగా అర్థమైంది. వెతికినవాడికి మొదటి పేజీలో పది చోట్లు కనబడతాయి. ఆ పదిలో నాలుగు నొక్కితే నాలుగూ మా దుకాణానికే వస్తే, ఇంకో ముగ్గురి చోటు మేం తిన్నట్టు. బెజవాడ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తాం కదా. ఒక మనిషికి ఒక రుమాలైతే ఎవరూ ఏమీ అనరు. మేం నూట నలభై ఏడు రుమాళ్ళు వేశాం. కండక్టరు చూశాడు. రుమాళ్ళన్నీ బయట పారేసి, మమ్మల్ని కూడా దింపేశాడు. నిజం చెప్పాలంటే ఆ కండక్టరు మీద నాకు కోపం రాలేదు. నేనైనా దింపేదాన్ని.

కోపం కింద వాటాలో వచ్చింది. చల్లపల్లివి రెండూ కుట్టేశాక ఇంకో దసరా పని లేక మాస్టారు మిషనుకి నూనె వేసిందే వేస్తున్నారు. ఆపా మెట్ల మీద నన్ను పట్టుకుంది.

"చేతినిండా పనున్న మనిషి ఈగలు తోలుకుంటున్నాడు. ఎవరిని అడగాలి నేను?"

"ఏజెంట్లని పెట్టమంది నువ్వే కదా ఆపా."

ఆవిడ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. పైన చెప్పిన నాలుగు రోజులు అవే. ఆ నాలుగు రోజుల్లోనే పెద్ద దుకాణం నుంచి కబురు వచ్చింది. పాతవన్నీ మర్చిపోదాం, ఏడాది పొడుగునా పని ఇస్తాం, పేరు మాత్రం మాదే అని. దీపావళి వెళ్ళాక వచ్చి ఒక మాట చెప్పమన్నారు.

అయిదో రోజున ఆపా గిన్నె పట్టుకుని ఉప్పు కోసం పైకి వచ్చింది. వాళ్ళింట్లో ఉప్పు ఉందని నాకు తెలుసు, ముందు రోజే కొట్టు నుంచి తెచ్చుకోవడం చూశాను. ఉప్పు పోశాను. ఆవిడ కదల్లేదు.

"ఆ కంకిపాడు పేజీలో ఏం రాశావో చదువు."

ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. మూడు వాక్యాలే కదా, అయిపోయింది.

"తర్వాత?"

"అంతే."

"ఇందులో కంకిపాడేది?"

"పేరుంది కదా ఆపా, మూడుసార్లు."

"పేరు బస్సు మీద కూడా ఉంటుందే" అంది. గట్టు మీద కూర్చుంది. "మా అబ్బాజాన్ బస్సెక్కించి వదిలేసేవాడనుకున్నావా? ఒకసారి ఒక పెళ్ళిచీర ఉతికితే రంగు దిగింది. ఆ ఇంటివాళ్ళు కొట్టుకి వెళ్ళలేదు, మా అరుగు మీదికి వచ్చారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఆ చీర పట్టుకుని, మొదటి బస్సుకే బెజవాడ వచ్చి మార్చుకెళ్ళాడు. ఎందుకంటే తెల్లారితే ఆయన ఆ వీధిలో నడవాలి. కొట్టువాడు నడవక్కర్లేదు. నేను మనిషిని పెట్టమన్నాను. నువ్వు బోర్డు పెట్టావు."

ఉప్పు గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆవిడే, "నేనూ అప్పుడు ఆ మాట చెప్పలేదులే, చింతచిగురు మీద ఉన్నాను" అంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడకీ వచ్చింది.

మర్నాడు ఆపాని పక్కన కూర్చోబెట్టుకుని నెట్ సెంటర్లో ఊళ్ళన్నీ తీసేశాను. అన్నీ ఒక్కసారే తీసెయ్యొచ్చు గానీ ఆవిడ ఒక్కొక్క పేరూ చదివించి తీయించింది. బొగ్గు ఊరు దగ్గర, "పాపం, అక్కడ ఎవరైనా ఎదురుచూస్తున్నారేమో" అంది. కంకిపాడు ఆఖర్న తీశాం. ఇంటికొచ్చి చెబితే, మాస్టారు కత్తెర కింద పెట్టి ఒక నియమం చెప్పారు. సెర్చ్ ఇంజన్ వాళ్ళ నియమాలు నేను పది పేజీలు చదివాను, ఈయనది ఒక్క ముక్కలో అయిపోయింది.

"మన బట్ట ఆ ఊరు వెళ్ళాలి, ఒంటికెక్కాలి, ఆడిన ఫోటో మన చేతికి రావాలి. అప్పుడు ఆ ఊరి పేరు రాయమ్మా. అంతదాకా వద్దు."

మొదటి పేజీ చల్లపల్లిది. టీచరుగారి శిష్యురాళ్ళిద్దరూ దసరాల్లో ఆ దుస్తులు వేసుకుని ఆడారు. టీచరుగారు ఫోటో తనే తెచ్చి ఇచ్చింది. పేజీలో ఏం రాయాలని అడిగితే, "చిన్నపిల్ల నడుం కొలత ముందు తప్పు పంపాను, మాస్టారు ఫోన్ చేసి మళ్ళీ తీయించారు, అది రాయండి. మా ఊళ్ళో మీకు కొట్టు లేదని కూడా రాయండి" అంది. అవి రెండూ రాశాను. ఎదిగే పిల్లలకి లోపల ఎంత మడత వదిలి కుడితే రెండేళ్ళు వస్తుందో మాస్టారు చెప్పారు, అదీ రాశాను. ఒక్క ఊరికే పేజీ నిండిపోయింది.

మళ్ళీ పరిశీలించమని సెర్చ్ ఇంజన్ వాళ్ళని అడగడానికి ఒక పద్ధతి ఉంది. ఏం చేశామో, ఏం తీసేశామో రాయాలి. అన్నీ రాశాను, గోడ మీది లారీల పట్టికతో సహా. అవతల చదివేవాళ్ళు నవ్వుకుని ఉంటారు. జవాబు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో అక్కడ రాసి లేదు.

దీపావళి వెళ్ళింది. మాస్టారు నన్ను పిలిచి, "ఎప్పటికి మళ్ళీ కనబడతామమ్మా? నువ్వు లెక్క చెప్పు, నేను ఆగుతాను" అన్నారు.

ఏ ఊరికి ఎన్ని కిలోల పార్సిలైనా ఎంతవుతుందో నోటితో చెప్పేదాన్ని. ఆ ఒక్క లెక్క నా దగ్గర లేదు. ఉజ్జాయింపుగా ఒక అంకె చెబితే ఆయన నమ్మి ఆగేవారు. "తెలీదు మాస్టారూ" అన్నాను.

ఆయన తలూపారు. ఆ మధ్యాహ్నమే చొక్కా మార్చుకుని పెద్ద దుకాణానికి వెళ్ళి ఒప్పుకొచ్చారు. ఎర్రదారం గుడ్డముక్కని హుక్కుల డబ్బాలో పెట్టి మూత వేశారు. ఆపా మాత్రం తన పెళ్ళినాటి చేతి మిషను అటక మీంచి దింపి, నూనె వేసి, చల్లపల్లి నుంచి వచ్చిన ఇంకో ముగ్గురు పిల్లల దుస్తులు తను కుట్టడం మొదలుపెట్టింది. మాస్టారు పగలంతా వాళ్ళ పేరుతో కుట్టి, సాయంత్రం ఇంటికొచ్చి, ఆపా కుట్టిన కుచ్చిళ్ళు చూసి విప్పమనేవారు.

"అక్కడ జీతానికి కుడుతున్నావు, ఇక్కడ పెత్తనం చేస్తున్నావు" అనేది ఆవిడ. విప్పేది.

నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు మా దుకాణం పేరు కొట్టి చూసేదాన్ని. చలికాలం సగం గడిచాక ఒకరోజు పొద్దున కొట్టాను. వచ్చింది. మొదటి వరుసలో, దుకాణం పేరు, దాని కింద కొలతల పేజీలో మాస్టారు చెప్పిన నవ్వు మాట. ఆఫీసు మాట మర్చిపోయి సందులోకి పరుగెత్తాను.

"ఇదివరకటి మాటలు కొడితే ఎన్నో వరుసలో వస్తున్నాం?" అని మాస్టారు అడిగారు.

"నాలుగో పేజీ అడుగున మాస్టారూ. ఊళ్ళ పేర్లతో అయితే చల్లపల్లికి తప్ప ఎక్కడా రాం."

"మన పేరుతో పిలిస్తే పలుకుతున్నాం కదా" అంది ఆపా. "అది చాలు."

చాలలేదు, వెంటనే చాలలేదు. నాలుగో పేజీ నుంచి రెండో పేజీకి రావడానికి వేసవి పట్టింది. కానీ వచ్చేవాళ్ళు తక్కువైనా, వచ్చినవాళ్ళలో సగంమంది ఆర్డర్ పేజీ దాకా వస్తున్నారు. పుణే ఆవిడ ఫోటో పంపింది, పుణేకి పేజీ పెట్టాను. బెంగుళూరుకి పెట్టాను. కూచిపూడి పేజీ పెట్టిన రోజున మాస్టారు ఆ ఫోటో చాలాసేపు చూశారు. అప్పట్లో ఈయనతో పెద్ద దుకాణాన్ని మెచ్చుకున్న ఆ అమ్మాయే అందులో ఉంది. ఆ అమ్మాయిని మా దగ్గర కుట్టించుకోడానికి చల్లపల్లి టీచరుగారు వెంటపెట్టుకొచ్చింది. ఆ తర్వాతి ఉగాదికి మాస్టారు పెద్ద దుకాణానికి దండం పెట్టి వచ్చేశారు. హుక్కుల డబ్బా మూత తీసి గుడ్డముక్క బయటికి తీస్తే, హుక్కుల తుప్పు అంటుకుని అంచు ఎర్రబడి ఉంది. అది అచ్చుగా పెట్టుకుని ఆపా కొత్తవి కుట్టింది.

ఇప్పుడు మాస్టారి చూపు ఆనడం లేదు. కత్తిరింపు ఆపాది, మిషన్ల మీద మా సందులో ఆడవాళ్ళు ముగ్గురున్నారు. పేజీలు ఇప్పటికీ నేనే రాస్తాను. ఫోటో రాగానే ఆపా మెట్ల కింద నుంచి, "ఏవే, ఏ ఊరు?" అని కేకేస్తుంది. ఊరి పేరు చెబుతాను. మాస్టారు మంచం మీద నుంచే, "కుచ్చిళ్ళు తెరుచుకున్నాయా?" అని అడుగుతారు. తెరుచుకున్నాయంటే అటు తిరిగి పడుకుంటారు.

ఆనాడు ఉత్తినే పేరుపడ్డామని రాసుకున్న ఊళ్ళు నూట నలభై ఏడు. వాటిలో నిజంగా బట్ట వెళ్ళి, ఒంటికెక్కి, ఫోటో వచ్చినవి ఎనభై ఆరు. ఆ బొగ్గు ఊరికి కూడా వెళ్ళింది, అంచు నలుపే అడిగారు. కంకిపాడు మాత్రం రాలేదు. అక్కడి పిల్లలు ఇద్దరు కుట్టించుకున్నారు గానీ, పక్కనే కదా అని దుకాణానికే వచ్చి చేతికి తీసుకెళ్ళారు, ఫోటో ఇస్తామని మర్చిపోయారు. ఫోటో లేదు కాబట్టి పేజీ లేదు. మాస్టారి నియమం ఆపా పుట్టింటికి కూడా నియమమే. ఆవిడ ఏడాదికోసారి అడుగుతుంది, నేను లెక్క చెబుతాను.

ఇంకా బాకీ అరవై ఒక్క ఊళ్ళు.